పెట్టెలో కూత

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరిది తప్పని మీరు వెతుక్కోనక్కర్లేకుండా.

అరవై ఎనిమిదిలో దసరా వెళ్ళిన వారానికి నేను విజయనగరం నుంచి భోగాపురం దాకా బస్సులోనూ, అక్కణ్ణించి సముద్రం ఒడ్డు దాకా అద్దె సైకిలు మీదా ఆ పల్లెకి వెళ్ళాను. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. పేరు గణపతిరావు. ఊళ్ళో నాకు రేడియో రిపేరు షాపు ఉండేది. పనిమంతుణ్ణని పేరూ ఉండేది. ఆ పేరు నిలబెట్టుకోవాలనే యావ మాత్రం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉండేది.

ఆ పల్లె చేపల సొసైటీకి అంతకు ముందేడు మిషను బోటు వచ్చింది. ఈ ఏడు ఆ బోటులోకి ఒక పెట్టె వచ్చింది. అది నీళ్ళలోకి శబ్దం పంపి, అడుగునుంచి తిరిగొచ్చిన శబ్దాన్ని పట్టి, తిరిగే కాగితం మీద గీతలు గీస్తుంది. అడుగు ఎంత లోతుందో, మధ్యలో చేపల మంద ఉందో లేదో ఆ గీతల్లో తెలుస్తుంది. ఆ పెట్టెకి కావలసింది పెద్ద కరెంటు. బోటులో ఉన్నది పన్నెండు వోల్టుల బ్యాటరీ. ఆ చిన్న కరెంటుని పెద్దది చేయడానికి రెండింటికీ మధ్య కన్వర్టరు అని ఇంకో చిన్న పెట్టె పెట్టారు. గొడవంతా దాంతోనే. ఆన్ చేస్తే చాలు, చెవిలో పుల్ల పెట్టినట్టు సన్నగా, ఆపకుండా కూస్తుంది.

కూస్తే కూయనీ, చేపలు పడితే చాలదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అన్నాను. అప్పుడు నాకు దాలయ్యని చూపించారు.

దాలయ్యకి అరవై దాటాయి. ఆ పల్లెలో వేట పడవ ముందు కొసన, వాళ్ళ మాటలో అణియం మీద, కూర్చునే హక్కు ముప్ఫయ్యేళ్ళుగా అతనిది. సముద్రంలోకి వెళ్ళాక ఇంజను ఆపేస్తారు. ఎవరూ మాట్లాడరు. దాలయ్య తెడ్డు వెడల్పు కొసని నీళ్ళలోకి దించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. గొరక చేపలు మందగా ఉన్నప్పుడు నీళ్ళలో గొరగొరమంటాయి. ఆ చప్పుడు తెడ్డు కర్రలోంచి పైకి వస్తుంది. దాలయ్య కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి ఎటు వెళ్ళాలో చూపిస్తాడు, అటు వల వేస్తారు. ఇది తెప్పల నాటి పద్ధతి. మిషను బోటు వచ్చాక కూడా మానలేదు.

ఇప్పుడు పెట్టె వచ్చింది కాబట్టి అణియం మీద మనిషి ఎందుకని మత్స్యశాఖ ఆఫీసు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు నరసింగరావు గారు అడిగారు. ఆయన చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నది చేయించాలని చూసే మనిషి, అంతే. పెట్టె మంద ఉందని చెబుతుంది గానీ ఏ చేపో చెప్పదనీ, అది దాలయ్య చెప్పాలనీ పల్లె పెద్దలు వాదించారు. సరే, వచ్చే సోమవారం నేను బోటులో వస్తాను, పెట్టె ఆడుతూ ఉండగానే ఇతను విని చెబితే ఇతను ఉంటాడు, చెప్పలేకపోతే దిగిపోతాడు అన్నారాయన. వినేటప్పుడు పెట్టె కాస్సేపు ఆపుకోవచ్చుగా అంటే కుదరదన్నారు. అది నిజమే. లోపల వాల్వులు మళ్ళీ వేడెక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఈలోగా మంద ఎక్కడికో పోతుంది.

దాలయ్యేమో ఆ కూత ఉండగా తనకి ఏమీ వినపడటం లేదంటాడు. అందుకే నాకు కబురు పెట్టారు. కూత ఆగితే దాలయ్య అణియం మీద ఉంటాడు. ఆగకపోతే ఒడ్డున వలలు బాగు చేసుకునే ముసలాళ్ళతో కూర్చుంటాడు. చేతిలో ఉన్నది ఏడు రోజులు.

నేను వెళ్ళిన రోజే అతను నా దగ్గరికి వచ్చి, సంచీలోంచి సామాన్లు తీస్తుంటే కాస్సేపు చూసి, నోరు తెరిచి ఒక్కటే అడిగాడు.

"పెట్టొద్దని అనను బాబూ. దాని కూత ఆపు. నా సెవి నాకిచ్చీ."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎలాగైనా ఇతన్ని గెలిపించాలని ఆ క్షణాన నిజంగానే అనుకున్నాను. ఆ సంగతి మరిచిపోవద్దు.

మొదటి రోజు కన్వర్టరు విప్పాను. లోపల రెండు ట్రాన్సిస్టర్లు బ్యాటరీ కరెంటుని సెకనుకి రెండు మూడు వేలసార్లు అటూ ఇటూ తిప్పుతుంటాయి. ఆ ఊపుకి ట్రాన్స్‌ఫార్మరులో పేర్చిన ఇనప రేకులు అదురుతాయి. ఆ అదురే కూత. బోల్టులు చూస్తే వదులుగా ఉన్నాయి. బిగించాను, కూత సగానికి తగ్గింది. బోటు నడిపే ఎల్లాజీ, దాలయ్యకి మేనల్లుడే, చెవి దగ్గర పెట్టుకుని విని నవ్వాడు. దాలయ్య అణియం మీద కూర్చుని తెడ్డు దించి విన్నాడు.

"ఉన్నాది బాబూ," అన్నాడు.

ఉంటుంది మరి, సగమే కదా తగ్గింది. నాకు కోపం రాలేదు.

రెండో రోజు ఒక సంగతి కనిపెట్టాను. ఇసకలో పెడితే మెల్లిగా కూసే కన్వర్టరు, బోటు చెక్కకి బిగిస్తే గట్టిగా కూస్తోంది. బోటు మొత్తం దానికి వంత పాడుతోంది, ఆ చెక్కలోంచి నీళ్ళలోకీ, నీళ్ళలోంచి తెడ్డులోకీ పోతోంది. కింద సైకిలు ట్యూబు ముక్కలు వేశాను. కొంత తగ్గింది, నాకు చాల్లేదు. అప్పుడు దాలయ్య భార్య మరిడమ్మ, ఒడ్డున కూర్చుని నా అవస్థ చూస్తూ, సట్టికి కట్టినట్టు ఉట్టి కట్టీరాదా అంది. నిమిషం సేపు నా చదువు మీద నాకే సిగ్గేసింది. ఆవిడే పాత వల తాడుతో ఉట్టి అల్లింది. ఇంజను గది కప్పుకి దాన్ని వేలాడదీసి కన్వర్టరు అందులో పెట్టాం. బోటు చెక్కని ఇక ఏదీ తాకదు.

మరిడమ్మ మొగుడితో మాట్లాడేటప్పుడు గొంతు చించుకుని అరిచేది. సముద్రపు హోరులో బతికేవాళ్ళకి అది అలవాటనుకున్నాను.

దాలయ్య మళ్ళీ విన్నాడు. ఈసారి చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఎల్లాజీ కూడా, ఔను బాబూ, సన్నంగా ఉన్నాది అన్నాడు. నా స్క్రూడ్రైవరు మొన బోటు చెక్కకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని విన్నాను. మెకానిక్కులం మేం అలాగే వింటాం. చెక్కలో ఏమీ లేదు. కానీ ఇద్దరు చెబుతున్నారు. గాలిలోంచి పోతోందేమోనని సరిపెట్టుకున్నాను. ఆ రాత్రి మటుకు నిద్ర సరిగా పట్టలేదు.

మిగిలింది ఒకటే దారి. ఆ రేకుల మధ్య సందు లేకుండా ఏదైనా పోసి గట్టిపరచాలి. పెద్ద ఫ్యాక్టరీల్లో వార్నీషులో ముంచుతారు. ఇక్కడ నాకు వార్నీషు ఎవరిస్తారు? పడవ బెజ్జాలు పూడ్చడానికి వాళ్ళు గుగ్గిలం పొడి కొట్టి నూనెలో కాచి పూస్తారు. దాలయ్యే గుర్తుచేశాడు, నీళ్ళు దూరని సోట నీ కూత దూరతాదేటి బాబూ అని. ట్రాన్స్‌ఫార్మరుని విడిగా తీసి రెండు రోజులు ఎండలో పెట్టి చెమ్మ లేకుండా చేశాను. ఐదో రోజు ఒడ్డున రాళ్ళ పొయ్యి మీద దాలయ్య గుగ్గిలం కాచాడు. ఎంత కాగాలో, ఎప్పుడు దించాలో అతనికి కంటితోనే తెలుసు. నేను తీగలు పట్టుకుని ట్రాన్స్‌ఫార్మరుని అందులో ముంచాను. రేకుల మధ్యనుంచి బుడగలు వచ్చి వచ్చి ఆగిపోయాయి. ఇద్దరం ఒకే తువ్వాలుతో చెమట తుడుచుకున్నాం. అంత ఇష్టంగా నేను ఏ పనీ చేయలేదు.

ఆదివారం పొద్దున్న బిగించి ఆన్ చేశాం. ఉట్టికి జానెడు దూరంలో చెవి పెడితే తప్ప వినపడలేదు. నేను అణియం మీదకి వెళ్ళి దాలయ్య తెడ్డు తీసుకుని, అతను పెట్టుకున్నట్టే పెట్టుకుని విన్నాను. సముద్రం గుడగుడమంటోంది. ఎక్కడో ఇసక రాలినట్టు చిటపటలు. కూత లేదు. ప్రాణం లేచి వచ్చింది.

తెడ్డు దాలయ్య చేతికిచ్చాను. అతను విన్నాడు. కళ్ళు మూసుకుని, నుదురు ముడిచి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"తగ్గినట్టే ఉన్నాది గానీ," అన్నాడు చాలాసేపటికి, "పోనేదు బాబూ."

నాలో ఏదో తెగింది. ఆరు రోజుల పని. నేనేం చేసినా ఈ ముసలాడికి ఆనడం లేదు. రేపు పట్టు దొరకకపోతే నెపం వేయడానికి నా పెట్టెని అట్టే పెట్టుకున్నాడనుకున్నాను. ఒడ్డుకి వచ్చాక ఎల్లాజీ నన్ను పక్కకి పిలిచాడు. పని బాగుందనీ, ఇక చాలనీ, మావ ఏమన్నా పట్టించుకోవద్దనీ, రేపు సంగతి తాను చూసుకుంటాననీ అన్నాడు. నువ్వేం చూసుకుంటావని అడిగాను. అతను తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మొన్నటిదాకా ఇతనే కూత ఉందన్నాడు, ఇవాళ బాగుందంటాడు! మామా అల్లుళ్ళిద్దరూ కలిసి నన్ను ఆడిస్తున్నారనిపించింది.

సోమవారం తెల్లవారాక బయల్దేరాం. నరసింగరావు గారు ప్యాంటు మడమల పైకి మడిచి, పుస్తకం చంకలో పెట్టుకుని పెట్టె పక్కన కూర్చున్నారు. గాలి లేదు. ఒడ్డు సన్నటి గీతలా కనబడేంత దూరం వెళ్ళాక ఎల్లాజీ ఇంజను ఆపాడు. పెట్టెలో ముల్లు కాగితం మీద గీస్తోంది. పది బారల లోతున నల్లటి మరక కనబడింది. మంద ఉంది. ఏ చేప? ఎటు పోతోంది? ఇన్‌స్పెక్టరు గారు తలెత్తి అణియం వైపు చూశారు.

దాలయ్య మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తెడ్డు దించాడు. మిగతా ఇద్దరు పనివాళ్ళు వల మీద చేతులు పెట్టి కదలకుండా నిలబడ్డారు. ఎల్లాజీ వెనక చుక్కాని దగ్గర కూర్చుని, ఎందుకో తనూ ఒక తెడ్డు నీళ్ళలో పెట్టుకున్నాడు. బోటు కదలకుండా చూసుకుంటున్నాడనుకున్నాను. ఎంతసేపు గడిచిందో తెలీదు. దాలయ్య చెయ్యి లేవలేదు.

చివరికి వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఇంకా కూస్తన్నాది బాబూ. ఏటీ ఇననీదు."

నరసింగరావు గారు నా వైపు తిరిగి, వారం రోజులు ఇక్కడ ఏం చేశావయ్యా అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఆ ఇద్దరు పనివాళ్ళూ విన్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. షాపు, పేరు, పనితనం అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయినట్టయింది.

ఒక్క నిమిషం సార్, చిన్న సర్దుబాటు ఉంది అన్నాను. దాలయ్యకి వినపడేలా, ఇప్పుడు విను అని అరిచాను. ఇంజను గదిలోకి వంగి, బ్యాటరీ మీద క్లిప్పు పీకేశాను. ముల్లు ఆగిపోయింది. పెట్టె మీద దీపం ఆరిపోయింది. బోటులో ఇక కూయడానికి ఏమీ లేదు.

ఎల్లాజీ నా చేతిలో క్లిప్పు చూశాడు. చూసి తల అడ్డంగా ఊపాడు. వద్దు, వద్దు అని పెదవులు కదిపాడు. నాకు స్పష్టంగా కనబడింది. కనబడనట్టు మొహం తిప్పుకున్నాను.

దాలయ్య విన్నాడు. భుజాలు బిగుసుకున్నాయి. తల కొంచెం పక్కకి వంచాడు.

"అలగే ఉన్నాది," అన్నాడు.

సరిగ్గా విను అన్నాను. మళ్ళీ విన్నాడు, ఉన్నాదన్నాడు. మూడోసారీ అడిగాను. ఒకసారి చాలదని మూడుసార్లు అడిగాను. మూడోసారి కూడా అతను ఓపిగ్గా, ఎక్కడా విసుక్కోకుండా, ఉన్నాది బాబూ అన్నాడు.

నేను ఆ క్లిప్పు పట్టుకుని అణియం దాకా నడిచి వెళ్ళి అతని మొహం ముందు ఆడించాను.

"ఇదిగో బ్యాటరీ తీగ. పెట్టె ఆగిపోయి ఎంతసేపయిందో అందరినీ అడుగు. ఏం కూస్తోంది దాలయ్యా? చెప్పు."

గెలిచాననుకున్నాను. నిజంగా, ఒక నిమిషం పాటు గెలిచిన సంతోషం నాలో ఉంది.

దాలయ్య తీగ వైపు చూశాడు. అక్కణ్ణించే ఆరిపోయిన పెట్టె వైపు చూశాడు. తెడ్డు మళ్ళీ నీళ్ళలో పెట్టి, చెవికి ఆనించుకుని విన్నాడు. తెడ్డు పైకి తీశాడు. ఉత్త చెవితో విన్నాడు. అరచేత్తో చెవి గట్టిగా మూసుకున్నాడు, తీశాడు, మళ్ళీ మూసుకున్నాడు. అతని మొహంలో రంగు పోవడం నేను రెండడుగుల దూరంలోంచి చూశాను. అతను నెపాలు వెతకలేదు. అబద్ధమూ ఆడలేదు. అతనికి కూత నిజంగానే వినపడుతోంది. అది మా పెట్టెలోది కాదు.

వెనక నరసింగరావు గారు పుస్తకం తెరిచి ఏదో రాసి మూశారు. ఇంకేం అక్కర్లేదు, పోదాం అన్నారు. ఆయన గొంతులో కూడా జాలి ఉంది. కానీ రాసింది రాసినట్టే ఉంటుంది.

నేను చుక్కాని దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఎల్లాజీ ఇంజను వేయలేదు. నా వైపు చూడకుండా మాట్లాడాడు, మామూలు గొంతుతోనే. దాలయ్య ఐదారు బారల దూరంలో ఉన్నాడు, అయినా గొంతు తగ్గించలేదు.

"మాకు తెలీదనుకున్నావేటి? మావకి ఇనపడక రెండేళ్ళయినాది. నానే ఇంటన్నాను, ఇక్కడ కూకుని. మావ సెయ్యి ఎటు సూపినా, మంద ఎటుంటే అటు తిప్పీవోడిని. పట్టు పడితే, మావ సూపించినాడు అనీవోళ్ళం. అందరం." తెడ్డు నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ కూత నాకు అడ్డమే బాబూ. అందుకే ఆపమన్నాను. నువ్వు ఆపినావు. ఇయ్యాళ నానిన్నాను, గొరకే. మావ సెయ్యెత్తకపోయినా ఏదో ఓటి సెప్పీసి తిప్పుదును. అంతలోకే నువ్వు లేసినావు."

వల దగ్గరున్న ఇద్దరూ తలలు దించుకున్నారు. వాళ్ళకీ తెలుసు. మరిడమ్మకి తెలుసు. తెలియంది ఆ ముసలాడికీ నాకూ. ఒక బోటెడు మనుషులు రెండేళ్ళు కాపాడుకుంటూ వచ్చిన దాన్ని నేను మూడు ప్రశ్నల్లో పాడు చేశాను. కూత ఆపడం నాకు చేతనయింది గానీ నోరు ఆపుకోవడం చేతకాలేదు. సముద్రంలోకి దూకేయాలన్నంత సిగ్గేసింది.

దాలయ్య అణియం మీంచి లేచాడు. బోటు ఊగుతున్నా దేన్నీ పట్టుకోకుండా నడిచి వచ్చాడు. తెడ్డు ఎల్లాజీకి అందించి, నువ్వెల్లి కూకో అన్నాడు. ఎల్లాజీ కదలలేదు. దాలయ్య అతని భుజం మీద తట్టి మళ్ళీ చెప్పాడు. ఎల్లాజీ కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళాడు.

తరవాత దాలయ్య నా పక్కన కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను ఉట్టిలో ఉన్న కన్వర్టరు వైపు చూసి, నా వైపు వంగి, ఆసుపత్రిలో డాక్టరుని అడిగినట్టు అడిగాడు. వెటకారం లేదు. ఆశ ఉంది.

"అందల కూత ఆపినావు గదా బాబూ. ఇందల కూత ఆపగలవేటి?"

వేలితో చెవి చూపించాడు.

నేను తల దించుకుని, నా వల్ల కాదు దాలయ్యా అన్నాను. అతను ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు. చెయ్యి చెవి వెనక చేర్చి, ఏటన్నావు బాబూ అన్నాడు.

ఆ మాట మళ్ళీ గట్టిగా, బోటులో అందరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది.